'అకీరా' చిత్రకథ: వేగం దోషమా?

బొమ్మల కథలు పసిపిల్లల కాలక్షేపమని, కళాశాల విద్యార్థులకు అవి తగవని పెద్దలలో ఒక అభిప్రాయం గట్టిగా నాటుకొని ఉన్నది. అందునా ఉరుకులు పరుగులుగా సాగే వైజ్ఞానిక కల్పన అయితే మరీ చులకన. గంటలో తిరగవేసే పుస్తకంలో ఆలోచనకు తావెక్కడిదని వారి ప్రశ్న. జపాను చిత్రకథ 'అకీరా'ను చదివిన వాడిగా ఈ ప్రశ్నకు నా సమాధానం మనవి చేస్తాను.

కత్సుహిరో ఓటోమో రచించి, చిత్రించిన ఈ కథ 1982 డిసెంబరు నుండి 1990 జూన్ వరకు 'యంగ్ మాగజైన్' అనే పత్రికలో ధారావాహికగా వెలువడినది. ఆరు సంపుటాలు, రెండు వేలకు పైబడిన పుటలు. 1982లో ఒక మహా విస్ఫోటనానికి టోక్యో నాశనమవుతుంది. 2019 నాటికి నూతన టోక్యో వెలుస్తుంది. 2020 ఒలింపిక్ క్రీడలకు అక్కడ సన్నాహాలు జరుగుతూ ఉంటాయి. నిజంగానే ఆ క్రీడలు టోక్యోకు దక్కినందున, అవి 2021లో జరిగినప్పటికీ, దీనిని జోస్యమని పొగిడేవారున్నారు. నాకు మాత్రం అది కాకతాళీయమనే తోస్తున్నది. పుస్తకం గొప్పతనం అందులో లేదు.

కానెడా, టెట్సువో బాల్యమిత్రులు, మోటారు సైకిళ్ళపై తిరిగే అల్లరి విద్యార్థులు. అన్నిటా కానెడా చాటున పెరిగిన టెట్సువోకు హఠాత్తుగా అతీతమైన మానసిక శక్తి సంక్రమిస్తుంది. ఆ శక్తి రోజురోజుకూ పెరుగుతుంది గాని, దానిని మోసే వివేకం పెరగడానికి వ్యవధి చాలదు. కథనంలోని వేగం అలంకారం కాదని నేను అనేది ఇందుకే. కుర్రవాని పతనం ఎంత వేగమో, పుటలు తిరిగే వేగమూ అంతే. మాటలు తక్కువ, ఒక్క మలుపును నాలుగైదు బొమ్మలుగా విడదీస్తాడు, కన్ను తనంత తానే జారిపోతుంది. అలా పరుగెత్తించి, మూడవ సంపుటం చివర అకీరా శక్తి విజృంభించి నగరం కూలేటప్పుడు పాఠకుణ్ణి నిలబెట్టేస్తాడు. పుటల కొద్దీ మాట లేదు. కిటికీ కిటికీనీ విడివిడిగా గీసిన మేడలు విరిగిపడుతూ ఉంటాయి. 1945 ఆగస్టులో రెండు నగరాలు భస్మమైన దేశపు చిత్రకారునికి అక్కడ వ్యాఖ్యానం అవసరం లేకపోయింది.

లోపాలు లేవనను. నాలుగవ సంపుటం నుండి పక్షాలు ఎక్కువై, వెంటాడుటలూ తప్పించుకొనుటలూ పునరుక్తమవుతాయి. కెయ్ అనే యువతి ధైర్యశాలి. కవోరి అనే అమ్మాయి మాత్రం టెట్సువో దుఃఖానికి ఒక నిమిత్తంగా మిగిలిపోయింది. రక్తపాతం కూడా అధికమే. చిన్న తరగతుల వారి చేతికి ఇవ్వతగినది కాదు.

మన కళాశాలకు ప్రత్యేకించి చెప్పవలసిన మాట మరొకటి ఉన్నది. జపాను చిత్రకథను కుడి నుండి ఎడమకు చదవాలి. తెలుగు చదివే మనం చివరి అట్టను తెరచి తికమకపడతాము. ఉర్దూ విభాగపు మిత్రులకు ఆ బాధ లేదు, వారి చేయి సరియైన అట్టపైననే పడుతుంది! 1988లో ఆరంభమైన అమెరికా ముద్రణలో బొమ్మలను అద్దంలోవలె తిప్పివేసి, కంప్యూటరు సహాయంతో రంగులద్దారు. కుడిచేతివాటం వారందరూ ఎడమచేతివాటం వారయ్యారు. 2017 నాటి ఆంగ్ల ముద్రణ మూలక్రమాన్నీ, నలుపు తెలుపులనూ నిలిపినది.

కనుక గ్రంథాలయ సంఘం వారికి నా విన్నపం: ఈ చిత్రకథను తెప్పించండి, ఆ 2017 ముద్రణనే తెప్పించండి. ఖర్చుకు వెనుదీసి మూడు సంపుటాలతో సరిపెట్టవద్దు. అలా చేసినట్లయితే నగరం కూలిన చోటనే మన విద్యార్థులకు కథ నిలిచిపోతుంది.