ఇచ్చిన సమాచారం చాలునా?

డిగ్రీ పూర్తిచేసి ఎం.బి.ఎ., ఎం.సి.ఎ. కోర్సులలో చేరదలచిన విద్యార్థులు వ్రాసే ఐసెట్‌లో 200 ప్రశ్నలుంటే, వాటిలో 20 దత్తాంశ పర్యాప్తతకు సంబంధించినవి. ప్రశ్న కింద రెండు వాక్యాలు ఇస్తారు. జవాబు తేలడానికి వాటిలో ఏ ఒక్కటి చాలునో, రెండూ కలిస్తేనే చాలునో, కలిసినా చాలవో చెప్పాలి. పల్లెల నుంచి వచ్చే విద్యార్థులు, ముఖ్యంగా పదో తరగతితో గణితం వదిలినవారు, ఈ ప్రశ్నలంటే జంకుతుంటారు. నిజానికి వీటిలోని సరి, బేసి, భాగహారం లెక్కలు చిన్న తరగతులలో నేర్చినవే.

చింతగింజలతో సరి-బేసి ఆడని పిల్లలు పల్లెలో అరుదు. రెండు గుప్పిళ్లలోని గింజల మొత్తం సరి అన్నారనుకుందాం. కుడి గుప్పిటలోనివి సరేనా? చెప్పలేము. రెండూ సరి కావచ్చు, రెండూ బేసి కావచ్చు. ఎడమ గుప్పిట బేసి అని కూడా తెలిస్తే కుడిది బేసి అని తేలిపోతుంది. గింజలెన్నో లెక్కపెట్టనక్కరలేదు. ఇక్కడ జవాబు 'కాదు' అని వచ్చింది గనుక సమాచారం చాలదని గుర్తు పెట్టేవారున్నారు. అది పొరపాటు. అవునో కాదో ఖాయంగా తేలితే సమాచారం చాలినట్లే.

ఇంకొకటి. ఒక సంఖ్య 24తో శేషం లేకుండా భాగింపబడుతుందా? అది 4తో భాగింపబడుతుందని ఒక వాక్యం, 6తో భాగింపబడుతుందని రెండో వాక్యం. నాలుగార్లు ఇరవై నాలుగు గనుక రెండూ కలిస్తే చాలునని తొందరపడితే మార్కు పోతుంది. 12ను 4, 6 రెండూ భాగిస్తాయి, 24 భాగించదు. 24ను మూడూ భాగిస్తాయి. అంటే రెండు వాక్యాలు కలిసినా చాలవు. 4, 6ల క.సా.గు. 12 మాత్రమే. అదే ప్రశ్న 12 గురించి అడిగితే రెండూ కలిసి చాలుతాయి.

మన బడులలో జవాబు రాబట్టడం నేర్పుతున్నారే గాని, జవాబుకు కావలసినంత సమాచారం ఉన్నదా అని ముందుగా అడగడం నేర్పడం లేదు. పొలం కొనే రైతు దస్తావేజు ఒక్కటే చూసి డబ్బు ఇవ్వడు, ఇ.సి. కూడా తీయిస్తాడు. ఆ జాగ్రత్తే ఇక్కడా కావాలి.

దీనికి పట్నం వెళ్లి శిక్షణకు వేలు పోయనక్కరలేదు. ఉన్నత పాఠశాలల గణితోపాధ్యాయులు వారానికి ఒక పీరియడు ఇటువంటి ప్రశ్నలకు కేటాయిస్తే చాలు. విద్యాశాఖాధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించడం అవసరం.