బంధువుల కంపెనీ కొనేముందు మమ్మల్ని అడగాలి



కంపెనీని నడిపే పని తెలిసినవాళ్లకు వదిలేయాలి, షేర్లు కొన్నవాళ్లకు డివిడెండు ముడితే చాలు అనే మాట తరచూ వింటున్నాం. సగం ఒప్పుకుంటాను. ఏ ఇంజినీరుకు ఎంత జీతమివ్వాలో, ఏ దేశంలో ఆఫీసు తెరవాలో కారంచేడులో కూర్చుని నేను చెప్పకూడదు. కానీ కంపెనీ సొమ్ము ప్రమోటర్ల ఇంటివాళ్ల వ్యాపారంలోకి వెళ్తుంటే మాత్రం చివరి మాట మిగతా వాటాదారులదే కావాలి.

సత్యం కంప్యూటర్స్ కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. అందులో ఒక ముక్క మాత్రం మరుగున పడింది. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ బోర్డు మేటాస్ ప్రాపర్టీస్‌ను మొత్తంగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని, 160 కోట్ల డాలర్లు పెట్టి కొనాలని తీర్మానించింది. ఆ రెండూ సత్యం వ్యవస్థాపకుడు రామలింగరాజు గారి కొడుకులు నడుపుతున్నవే. అప్పటికి సత్యంలో ఆ కుటుంబం వాటా 9 శాతంలోపే. మిగతా 91 శాతానికి పైగా వాటా ఉన్నవాళ్లను ఎవరూ ఓటు అడగలేదు. బోర్డులో హార్వర్డ్ ఆచార్యుడున్నారు, మాజీ కేబినెట్ కార్యదర్శి ఉన్నారు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఉన్నారు. అయినా తీర్మానం నెగ్గింది.

దాన్ని ఆపింది పెద్ద ఫండ్ల ఆగ్రహం. న్యూయార్క్‌లో షేరు ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయేసరికి కంపెనీ గంటల్లోనే వెనక్కి తగ్గింది. మూడు వారాలకు రాజు గారి ఉత్తరం బయటికొచ్చింది: పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేవు. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తుల్ని చేర్చే ఆఖరి ప్రయత్నమే మేటాస్ బేరమని అందులో ఆయనే రాశారు. వాటాదారులు అడ్డుపడకపోతే ఆ గొయ్యి ఇంకెన్నాళ్లు కప్పి ఉండేదో ఆలోచించండి.

ఆ తర్వాత అమెరికా మదుపరులు ఉమ్మడి దావా వేసి సత్యం నుంచి 12.5 కోట్ల డాలర్లు రాబట్టుకున్నారు. పంట డబ్బు షేర్లలో పెట్టిన మనవాళ్లకు అలాంటి దావా వేసే చట్టమే అప్పట్లో లేదు. 2013 కంపెనీల చట్టం ఆ దారి తెరిచింది. సంబంధీకులతో జరిగే పెద్ద లావాదేవీలకు వాటాదారుల అనుమతి కావాలనీ, అందులో సొంత ప్రయోజనం ఉన్నవాళ్ల ఓటు చెల్లదనీ పెట్టింది. మంచిదే. అయితే ఆ అనుమతి ఒక పరిమితి దాటితేనే. ఆ పరిమితిలోపు బేరాలను చూడాల్సింది స్వతంత్ర డైరెక్టర్లు. వాళ్ల నియామకంలో ప్రమోటర్లూ ఓటేస్తారు. ఆనాటి సత్యం బోర్డు చూశాక నాకు అక్కడే నమ్మకం కుదరడం లేదు.

అదే చట్టం 151వ సెక్షన్ ప్రకారం, ముఖవిలువ 20,000 రూపాయలు మించని షేర్లున్న చిన్న వాటాదారులు తమ తరఫున ఒక డైరెక్టర్ని ఎన్నుకోవచ్చు. కానీ వెయ్యిమందో, చిన్న వాటాదారుల్లో పదో వంతో కూడగట్టుకుని నోటీసివ్వాలి. ఊళ్లలో ఉన్నవాళ్లకు మిగతా వాటాదారులెవరో కూడా తెలియదు. ఎవరూ అడగక్కర్లేకుండానే ప్రతి లిస్టెడ్ కంపెనీలో ఆ ఎన్నిక జరగాలి. చిన్న మదుపరి ఇవాళ కొని రేపు అమ్మేస్తాడు, వాడికెందుకు ఓటు అంటారా? ఫండ్లు కూడా రోజూ కొంటూ అమ్ముతూనే ఉన్నాయి, వాటి ఓటును ఎవరూ కాదనడం లేదు.

ఇంకొకటి. ఇప్పుడు ఫోన్లోనే ఓటు వేయొచ్చు గానీ నోటీసు మాత్రం వకీళ్ల ఇంగ్లీషులో వస్తుంది. ఏ తీర్మానంలో ఎవరి బంధువులున్నారో, ఎంత సొమ్ము పోతుందో ఒక పేజీ తెలుగులో రాసి పంపేలా మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించాలి. అప్పుడు మావాళ్లూ ఓటు వేస్తారు.

ఇట్లు,
ఒక చిన్న వాటాదారుడు,
కారంచేడు, బాపట్ల జిల్లా.