బడి ఇంట్లో పెట్టుకున్నా టీకా మానొద్దు

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిశాక, అక్కడి చాలా తెలుగిళ్లలో అఆలు దిద్దించే భారం అమ్మానాన్నల మీదే పడింది. అందుకే మొత్తం చదువే ఇంట్లో చెప్పుకుంటామనేవాళ్లను నేను తప్పుపట్టను. పధ్నాలుగేళ్లు నిండితే ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాయొచ్చు. నా బెంగంతా ఆ పిల్లల ఆరోగ్యం గురించే. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరేళ్లు దాటినవాళ్లకు కళ్లు, చెవులు, పళ్లు చూసేది సర్కారు, ఎయిడెడ్ బడుల్లో. బడికి వెళ్లని పిల్ల ఎవరి కంటా పడదు. నలుగురైదుగురు పిల్లలున్న ఇంట్లో పెద్దవాడి టీకా కార్డులో గళ్లన్నీ నిండి ఉంటాయి, కడగొట్టుదాని కార్డు సగం ఖాళీ. ఒకరి జ్వరం తగ్గేలోపు ఇంకొకరికి అంటుకుంటుంటే తల్లికి తేదీలేం గుర్తుంటాయి? దానికి తోడు పుకార్లు: 2017లో తమిళనాడులో తట్టు–రుబెల్లా టీకా వేస్తున్నప్పుడు వాట్సాప్ చూసి ఎందరో వెనక్కి తగ్గారు. టీకాల్లో లోపాలుంటే దాస్తారనుకునేవాళ్లకు ఒక్క మాట: తిరుత్తణి ఇప్పుడున్న ఈ తిరువళ్లూరు జిల్లా పల్లెల్లోనే 1968లో క్షయకు వేసే బీసీజీ టీకాపై పరిశోధన మొదలైంది. పెద్దల్లో ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని పదిహేనేళ్లు గమనించి, దాచకుండా చెప్పారు. పసివాళ్లను మెదడు క్షయ నుంచి కాపాడుతుంది కనుకే నేటికీ పుట్టగానే వేస్తున్నారు. లోపాన్ని కూడా చెప్పే వైద్యాన్ని కాక మరి దేన్ని నమ్ముతాం? ఐదేళ్లప్పుడు ఒక బూస్టరు, పదికీ పదహారుకీ టీడీ (ధనుర్వాతం–డిఫ్తీరియా) టీకా ఉన్నాయి. అమ్మా, ఈ వారమే కార్డులన్నీ పట్టుకుని మీ ఊరి నర్సమ్మ దగ్గరికి వెళ్లండి.