చేతిపని పరీక్షలో తప్పినవారి పక్షాన

రాజోలు ప్రాంతం నుండి గల్ఫ్ దేశాలకు ఉద్యోగార్థం వెళ్ళే యువకులకు వెల్డింగు ట్రేడ్ టెస్టు క్రొత్త మాట కాదు. అందులో ‘సిక్స్ జీ’ మిక్కిలి కఠినమైనది. గొట్టాన్ని 45 డిగ్రీల వాలులో బిగిస్తారు. దానిని త్రిప్పరాదు, అభ్యర్థియే చుట్టూ కదలుతూ అతకాలి. పైకి నున్నగా ఉన్న అతుకులో గాలిబుడగలున్నట్లు ఎక్స్‌రే చూపవచ్చు. తరగతిలో మేటి అనిపించుకొన్నవాడు సైతం ఆనాడు తప్పవచ్చు.

అట్టివానిని ‘పని రానివాడు’ అనడం అన్యాయమని మా అభిప్రాయం. చేతిపరీక్ష ఆ ఒక్క గడియలో చేయి, కన్ను, నిబ్బరం ఏకమైనవా అని మాత్రమే చూస్తుంది. అప్పు తెచ్చి చదివించిన ఇంట ఆ ఒక్క మాట ఎంత బరువో మనకు తెలియనిది కాదు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి లేచిన ఎస్.ఎల్.వి.-3 సముద్రం పాలయింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. రెండవ దశలోని కవాటం లోపమే కారణమని శోధించి తెలుసుకొన్నారు. 1980 జూలై 18న మరొక ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. లోపం ఎక్కడో తెలియడమే ఆ విజయానికి తొలిమెట్టు.

కనుక తప్పిన సోదరులారా! సిగ్గుపడి ఇంట కూర్చొనక, లోపం ఎక్కడ జరిగినదో పరీక్షకులను అడగండి. ఆ ఒక్క భాగాన్నే పదేపదే సాధన చేయండి. రాడ్లకు, ఇనుప ముక్కలకు డబ్బు లేక ఆ సాధన ఆగిపోరాదు. ఆ స్వల్పవ్యయాన్ని భరించవలసిందిగా కళాశాల సంఘం పెద్దలను సవినయంగా కోరుతున్నాము. ఉత్తీర్ణులకు బహుమతులిచ్చే చేతులు, తప్పినవారికి మరొక అవకాశం కూడా ఈయగలవని మా విశ్వాసం.