మా అత్తగారు వినని హరికథ

"నారాయణదాసు గారి హరికథ నేను విన్నానమ్మా" అన్నారు మా అత్తగారు మొన్నొక సాయంత్రం, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ. "కాళ్ళకి గజ్జెలు కట్టుకుని నిలబడితే, ఆ గొంతు వీధి చివరికి వినిపించీది."

మావాడు పక్కనే ఫోను చూసుకుంటున్నాడు. "నానమ్మా, ఆయన 1945 జనవరిలో పోయారు. నువ్వు పుట్టింది 1944లో. ఉయ్యాల్లో పడుకుని విన్నావా?" అన్నాడు. అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. చిక్కుళ్ళ పళ్ళెం నా వైపు జరిపి లోపలికి వెళ్ళిపోయారు.

తర్వాత మెల్లిగా అడిగితే తెలిసింది. విన్నది ఆవిడ తల్లిగారట. రామనవమి పందిట్లో, చాప మీద, చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని తెల్లవార్లూ కూర్చున్న ఆడవాళ్ళలో ఆవిడొకరు. ఆ పిల్ల మా అత్తగారు కాదు, ఆవిడ అక్కగారు. వేసవి రాత్రులు డాబా మీద పడుకున్నప్పుడల్లా తల్లి ఆ కథ చెప్పేవారట. అలా చెప్పగా చెప్పగా ఆ గజ్జెల చప్పుడు కూతురి జ్ఞాపకం అయిపోయింది.

తేదీల లెక్కలో ఇది తప్పే. మావాడిది ఒప్పే. కానీ నేనైతే రెండూ రాసుకున్నాను, దాసుగారు పోయేనాటికి ఈవిడ చంటిపిల్ల అనీ, అయినా ఆ గొంతు గుర్తుందంటారనీ. తల్లి విన్న కచేరీని ఎనభై ఏళ్ళు దాటాక కూడా కూతురు తనదే అనుకుంటోందంటే, ఆ ఊళ్ళో సంగీతం ఏ గది దాకా వచ్చిందో నాకు అక్కడే అర్థమైంది.

ఆ ఊరు విజయనగరం. 1919లో విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వాయిద్యం విని, నీకు నేర్పేదేముందని అక్కడే ఫిడేలు ఆచార్యుడిగా వేసుకున్నారు. 1936లో దాసుగారి తర్వాత ఆయనే ప్రిన్సిపాలయ్యారు. ఘంటసాల చదివింది అక్కడ, సుశీల చదివింది అక్కడ. ఇదంతా పుస్తకాల్లో ఉంది, మనందరికీ తెలిసిందే.

నేను చెప్పదలుచుకున్నది పుస్తకాల్లో లేని సంగతి. ఒక ఊరి సంగీతం గురించి పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేద్దామని ఎవరైనా బయల్దేరితే ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు? విద్వాంసుల దగ్గరికి, వాళ్ళ శిష్యుల దగ్గరికి, సభల కార్యదర్శుల దగ్గరికి. వెళ్ళాలి, కాదనను. కానీ అక్కడితో ఆగిపోతారు. వంటింటి గుమ్మం దాకా ఎవరూ రారు. ఘంటసాల విజయనగరంలో జోలె కట్టుకుని మధూకరం చేసుకుంటూ చదువుకున్నారని గర్వంగా చెప్పుకుంటాం కదా, మరి ఆ జోలెలో అన్నం వేసినవాళ్ళెవరు? ఒక్క పేరైనా మనకి తెలుసా?

మా అత్తగారి పుట్టింట్లో మంగళవారం ఒక కుర్రాడికి వారం. మృదంగం నేర్చుకునేవాడట. "కొత్తల్లో కుడిచేతి వేళ్ళు వాచిపోయీవి. వేడన్నం కలుపుకోలేకపోయీవాడు. అమ్మ ముందే విస్తట్లో అన్నం వడ్డించి, చల్లార్చి, అప్పుడు పిలిచీది" అన్నారావిడ. పండగొస్తే వారం ఎవరిదైనా అతనికి వీళ్ళింట్లోనే భోజనమట. అతని పేరు గుర్తులేదు. దోసకాయ పప్పంటే ఇష్టమని మాత్రం గుర్తుంది. అతను తర్వాత ఎక్కడైనా పెద్ద కచేరీల్లో వాయించాడేమో, ఏ సావనీరులోనో గురువుగారికి నమస్కారాలు చెప్పుకున్నాడేమో. అన్నం చల్లార్చిన తల్లి మాత్రం ఏ కాగితం మీదా లేదు.

అడిగే పద్ధతి కూడా నేను ఈ మధ్యే నేర్చుకున్నాను. "ఆ రోజుల్లో సంగీతం ఎలా ఉండేదండీ?" అంటే "బాగుండేదమ్మా" అని ఊరుకుంటారు. ఎవరికి వడ్డించారు, ఏం వండారు, పందిట్లో ఎవరి పక్కన కూర్చున్నారు, పైడితల్లమ్మ సిరిమాను నాడు ఎవరి మేడ ఎక్కి చూశారు అని అడగండి. తప్పెటగుళ్ళ నుంచి సన్నాయి మేళం దాకా అన్నీ వాటంతటవే వస్తాయి. చేతిలో ఏదో ఒక పని ఉండాలి. నేను ఫోను గూట్లో పెట్టి రికార్డింగు నొక్కేస్తున్నాను. ముందే చెప్పే లెండి, దొంగతనంగా కాదు.

ఇలా మూడో సాయంత్రం బయటపడిందేమిటంటే, మా అత్తగారు ఆ కళాశాలలో రెండేళ్ళు గాత్రం నేర్చుకున్నారు. నేను ఈ ఇంటికొచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఆవిడ గొంతెత్తి పాడగా నేను వినలేదు. 1961లో, పదిహేడేళ్ళకి, పెళ్ళై అనకాపల్లి వచ్చారు. వచ్చిన వారంలోనే ఆవిడ అత్తగారు, "సంసారులు వీధిలోకి వినిపించేలా పాడతారుటే?" అన్నారట. అంతే. ఎంత మామూలుగా చెప్పారంటే, కరెంటు పోయిందని చెప్పినట్టు చెప్పారు.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మీకూ తెలుసు. ఊళ్ళో వేదికెక్కి పాడే ఆడవాళ్ళంటే ఒకప్పుడు కళావంతులే. అదే విజయనగరంలో కళావర్ రింగ్ అని పేరుమోసిన సరిదె లక్ష్మీనరసమ్మ ఉండేవారు. గొప్ప గాయని, నర్తకి. కుర్రవాడైన ఘంటసాలకి ఆవిడ అన్నం పెట్టి ఆదుకున్నారని చెప్పుకుంటారు. పాడుతుంది కాబట్టి ఆవిడ సంసారి కాదన్నారు. సంసారి కాబట్టి మా అత్తగారిని పాడొద్దన్నారు. ఒకే ముక్కతో ఇద్దరి నోళ్ళూ నొక్కేసి, ఆ తర్వాత ఊరికి విద్యల నగరమని పేరు పెట్టుకున్నాం. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పెద్దత్తగారి మీద కాదు, ఆవిడకి చెప్పినవాళ్ళు కూడా ఎవరో ఉండే ఉంటారు.

రాత్రి మా వారికి ఆ రికార్డింగు వినిపించాను. పూర్తిగా విని లేచి వాళ్ళమ్మ మంచం దగ్గరికెళ్ళారు.

"అమ్మా, నువ్వు సంగీతం నేర్చుకున్నావా? నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడడిగావురా?"

మావాడు కూడా అక్కడే ఉన్నాడు. ఈసారి ఫోను తియ్యలేదు. "ఏం నేర్పారు నానమ్మా?" అని కింద కూర్చున్నాడు. వర్ణాల దాకా వచ్చానన్నారావిడ. ఏదీ ఒకటి అన్నాం. గొంతు రాదన్నారు, దగ్గన్నారు, పళ్ళు తీసేశానన్నారు. కాసేపటికి దుప్పటి మీద వేళ్ళతో తాళం మాత్రం వేశారు. మొదటి కాలం, తర్వాత రెండో కాలం, ఎక్కడా తప్పకుండా.

ఇంకా పాడలేదు. ఆదివారం బఠాణీలు తెచ్చాను, రెండు కిలోలు. ఒలవడానికి రెండు సాయంత్రాలైనా పడుతుంది.