తిరిగివచ్చిన సైనికురాలు

ఖడ్గతిక్కన కథ వినని విద్యార్థి తెలుగు బడులలో అరుదు. పదుమూడవ శతాబ్దిలో నెల్లూరి మనుమసిద్ధి కొలువున దండనాయకుడైన తిక్కన, కాటమరాజుతో జరిగిన పోరునుండి వెనుదిరిగి ఇల్లు చేరగా, ఇల్లాలు చానమ్మ స్నానమునకు నీరు తోడి, మంచము అడ్డుగా నిలిపి, పసుపుముద్ద ఉంచినదని చాటుకథ చెప్పును. ఆయన సిగ్గుపడి మరల రణమునకు పోయి ప్రాణములు విడిచెను. తరతరములుగా ఈ కథను పౌరుషమునకు నిదర్శనముగా బోధించుచున్నారు. అయితే పోరునుండి వచ్చినవానిని అక్కడ ఏమి జరిగినదని ఆ యింట ఎవరును అడిగినట్లు కథ చెప్పదు.

వచ్చినది స్త్రీయే అయినచో ఏమగును? అపుడు పసుపుముద్ద అవమానము కాదు, సహజమే. ఆమె తలంటుకొని, చీర మార్చుకొని, వంటయింట అడుగు పెట్టుటతోనే సైనికజీవితము ముగిసినదని అందరును తలంతురు. పురుషుని అడుగని ప్రశ్నను ఆమెను అసలే అడుగరు. వీరపత్ని, వీరమాత అను మాటలు తెలుగున సమృద్ధిగా వాడుకలో ఉన్నవి. తానే ఆయుధము పట్టి, కొలువు ముగించి ఇల్లు చేరిన స్త్రీని పిలుచుటకు నలుగురినోట నలిగిన మాట నేటికిని లేదు.

ఇది పాతకథలకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. ఉద్దానము ముంగిటికే వచ్చిన ప్రశ్న. జలంత్రకోట, కంచిలి, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతముల ఇండ్లకు సైన్యోద్యోగము క్రొత్త కాదు. కొబ్బరి, జీడితోటలపై వచ్చు రాబడి చాలని కుటుంబములకు అది చిరకాలముగా ఒక ఆధారము. ఈ తీరమునుండి ఇచ్ఛాపురము దాటి ఉత్తరముగా పోవు రైలు చిలికా సరస్సు అంచునే సాగును. ఆ సరస్సు ఒడ్డున నౌకాదళమువారి శిక్షణకేంద్రము ఐ.ఎన్.ఎస్. చిలికా ఉన్నది. 2023 మార్చి 28వ తేదీన, సూర్యాస్తమయానంతరము జరిగిన కవాతులో, అగ్నివీరుల తొలిజట్టు అక్కడ శిక్షణ ముగించినది. ఆ జట్టులో 270 మందికి పైగా యువతులు ఉండిరి. 2022 చివర చేరిన ఈ జట్టు నాలుగేండ్ల కాలపరిమితి 2026 చివరకు నిండును. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ పథకము ప్రకారము వారిలో నూటికి ఇరువదియైదుగురికి మించకుండ శాశ్వతోద్యోగమున నిలుపుదురు. తక్కినవారు చిన్నప్రాయముననే మాజీలై ఇండ్లకు మరలుదురు.

స్త్రీలకు సైన్యద్వారములు ఒకటొకటిగా తెరచుకొన్న చరిత్ర దీర్ఘమైనది. సైనిక నర్సుల సేవ 1888 నాటిది. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో, మహిళా సహాయకదళము ఏర్పడినది. 1992లో నర్సులు, వైద్యులు కాని ఇతర శాఖలలోను స్త్రీలను అధికారులుగా చేర్చుకొన నారంభించిరి. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు సైన్యమున స్త్రీలకు శాశ్వత కమీషను ఈయవలెనని తీర్పు చెప్పినది. 2021లో సైనిక పోలీసుశాఖలో మహిళా జవానుల తొలిజట్టు శిక్షణ ముగించినది. 2025 మే నెలలో జాతీయ రక్షణ అకాడమీనుండి 17 మంది యువతులు తొలిసారిగా ఉత్తీర్ణులై వెలుపలికి వచ్చిరి. ఇవన్నియు ప్రవేశద్వారములు, పత్రికలు వీనిని సంతోషముతో ప్రకటించినవి, ప్రకటింపదగినవే. నిష్క్రమణద్వారమువద్ద ఏమి జరుగునో విచారించినవారు మాత్రము కొలదిమంది.

సైన్యమునుండి వచ్చిన ప్రతివారును వ్యాధిగ్రస్తులని అనుకొనరాదు. అత్యధికులు ఆరోగ్యముగా, ఆత్మవిశ్వాసముతో తిరిగివత్తురు. కాని కొందరికి, చూచిన దృశ్యము కన్నులనుండి తొలగదు. అది శత్రువుతో పోరాటమే కానక్కరలేదు. నౌకలో చెలరేగిన అగ్ని, తుపానులో వెలికితీసిన శవములు, చేతులలోనే ప్రాణము విడిచిన సహచరుడు, ఏదైనను కావచ్చును. నిద్రలో ఉలికిపాటు, చిన్న చప్పుడునకే గుండెదడ, ఆత్మీయులయెడల సైతము నిర్లిప్తత, అకారణముగా కోపము, ఇవి నెలల తరబడి వదలక పీడించుట దీని లక్షణము. వియత్నాము యుద్ధానంతరము, 1980లో, అమెరికా మనోవైద్యుల సంఘము దీనిని ప్రత్యేక వ్యాధిగా గుర్తించి తన గ్రంథమున చేర్చినది. ఇది పిరికితనము కాదు. విరిగిన ఎముకవలె చికిత్సకు లొంగు గాయము.

స్త్రీల విషయమున మరియొక గాయము కలదు. అది స్వపక్షమువారి చేతులలో పొందిన అవమానము. పనిచేయుచోట లైంగికవేధింపులను నిరోధించు చట్టము మన దేశమున 2013లో వచ్చినది. కాని ఫిర్యాదు వినవలసిన అధికారియు, సెలవు మంజూరు చేయవలసిన అధికారియు ఒకరేయైన చోట, నోరు విప్పుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

నిద్ర పట్టనివారు నిద్రకై వెదకుదురు. వ్యసనము తరచుగా ఇక్కడనే మొదలగును. మొదట నిద్రమాత్ర, లేక ఒక గుక్కెడు మద్యము. వీపునొప్పికి, మోకాళ్ళనొప్పికి మందుబిళ్ళ. కొంతకాలమునకు బాధ పోకున్నను, మందు లేనిదే ప్రొద్దు గడవదు. స్త్రీ శరీరమున నీటిపాలు తక్కువ. అందువలన సమానమైన మోతాదు త్రాగినను ఆమె రక్తమున మద్యాంశము అధికమగును, కాలేయమునకు హాని శీఘ్రముగా కలుగును. ఉద్దానమున దీనికి తోడు మరియొక ప్రమాదము. మూత్రపిండముల వ్యాధి ఇంటింటి దుఃఖమైన ప్రాంతమిది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రిని, పరిశోధనకేంద్రమును తెరువవలసివచ్చినది. సాధారణమైన నొప్పిమందులను విచ్చలవిడిగా మింగుట మూత్రపిండములకు చేటని వైద్యులు హెచ్చరింతురు. నొప్పిని దాచుకొని దుకాణమునుండి బిళ్ళలు తెచ్చుకొను అలవాటు ఇచట మరింత హానికరము.

దాచుకొనుటకు కారణము సిగ్గు. 2019లో కేంద్రప్రభుత్వము వెలువరించిన దేశవ్యాప్త సర్వే ప్రకారము, మద్యము సేవించువారు పురుషులలో నూటికి 27 మందికి పైగా ఉండగా, స్త్రీలలో ఇద్దరైనను లేరు. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుచున్నదనియు ఆ సర్వే తెల్పినది. పురుషులతో నిండిన డీ-అడిక్షన్ కేంద్రముయొక్క గడప త్రొక్కుటకు ఆడుబిడ్డ జంకుటలో ఆశ్చర్యము లేదు. తెలుగునాట మద్యమును గూర్చిన తలంపే వేరు మార్గమున పెరిగినది. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో, అక్షరములు దిద్దుకొన్న స్త్రీలు వాచకములోని పాఠము చదివి సారాదుకాణముపై తిరుగబడిరి. ఆ ఉద్యమఫలితముగా 1993లో సారానిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. 1997లో రెండవది సడలినది. ఆ ఉద్యమము గొప్పది. దానివలన మన మనస్సులలో స్థిరపడిన చిత్రము, త్రాగి వచ్చిన భర్త, ఏడ్చు భార్య. తానే సీసాకు లొంగిపోయిన స్త్రీకి ఆ చిత్రమున చోటు లేదు. చోటు లేనివారికి జాలియు దొరకదు, చికిత్సయు దొరకదు.

పోరునుండి మరలిన తెలుగు స్త్రీల అనుభవము చరిత్రలో లేకపోలేదు. 1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధపోరాటమున స్త్రీలు తుపాకులు పట్టిరి, వార్తలు మోసిరి, అడవులలో ప్రసవించిరి. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడగా, వారిలో ననేకులు ఇండ్లకు పొమ్మన్న మాటతో మిగిలిరి. మల్లు స్వరాజ్యమువంటి కొందరు రాజకీయజీవితమున నిలదొక్కుకొనిరి. ఆమె తుంగతుర్తినుండి రెండు పర్యాయములు శాసనసభకు ఎన్నికైనది. తక్కినవారి మాట? మూడు దశాబ్దములు గడచిన పిమ్మట, హైదరాబాదునకు చెందిన స్త్రీశక్తి సంఘటన వారి యిండ్లకు పోయి, కూర్చుండి, అడిగి, విన్నది. 1986లో వెలువడిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆ వినికిడి ఫలమే. విడిచిన బిడ్డలు, దొరకని గౌరవము, ఒంటరితనము అందు కనబడును. ఆ స్త్రీలు మాటాడలేనివారు కారు. అంతవరకు అడిగినవారు లేరైరి.

అమెరికాలోను కథ ఇట్లే మొదలైనది. లిండా వాన్ డెవాంటరు 1969–70లో వియత్నామున సైనికవైద్యశాలలో నర్సు. ఇల్లు చేరిన పిదప పీడకలలు, మద్యము ఆమెను వెన్నాడినవి. యుద్ధవ్యతిరేకులైన మాజీ సైనికుల ఊరేగింపులో నడువబోగా, చూచుటకు సైనికురాలివలె లేవని ఆమెను వారించిరట. 1983లో ఆమె తన అనుభవమును గ్రంథముగా వెలువరించినది. ఆ దేశపు శాసనసభ ఆదేశముపై జరిగి 1988లో ముగిసిన పరిశీలనలో, వియత్నామున పనిచేసిన పురుషులలో నూటికి సుమారు 31 మంది, స్త్రీలలో నూటికి సుమారు 27 మంది జీవితమున ఎప్పుడో ఒకప్పుడు ఈ మానసికక్షోభకు గురియైనట్లు తేలినది. స్త్రీలలో అత్యధికులు నర్సులే, తుపాకి పట్టనివారే. 1992లో చేసిన చట్టము సైన్యమున లైంగికదాడికి గురియైన స్త్రీలకు చికిత్సాసలహాలను విహితము చేసినది. అటుపిమ్మట మాజీ సైనికుల ఆస్పత్రులలో, వచ్చిన ప్రతివారిని ఈ విషయము నేరుగా అడుగుట నియమమైనది. అడిగిన స్త్రీలలో మువ్వురికి ఒకరు అవునని చెప్పుచున్నారు. అడుగక ముందు ఈ లెక్క ఎవరికిని తెలియదు.

చికిత్సావిధానమునందును వారు ఒక మెట్టు ఎక్కిరి. మొదట త్రాగుడు మానుము, ఆపై మనోవ్యథ సంగతి చూతమనుట పూర్వపు పద్ధతి. నిద్రకై త్రాగువారు నిద్ర దొరకనిదే ఎట్లు మానుదురు? లీసా నజావిట్సు అను మనస్తత్త్వవేత్త 1990 దశకమున రెంటికిని కలిపి చేయు చికిత్సను రూపొందించి, 2002లో గ్రంథముగా ప్రకటించినది. దాని సూత్రము సరళము: ముందుగా క్షేమము. గతమును త్రవ్వుటకు పూర్వము, ఈ రాత్రి ఎట్లు గడచును, ఎవరిని పిలువవలెను, ఏ పరిస్థితిని తప్పించుకొనవలెను అనునవి నేర్పుదురు. జూడిత్ హెర్మను 1992లో వ్రాసిన గ్రంథమునందును కోలుకొనుటకు తొలిమెట్టు క్షేమమే. పిదప స్మరణము, దుఃఖము. తుదకు లోకముతో మరల కలియుట.

మన దేశమున సాధనములు అసలే లేవనుట న్యాయము కాదు. 2017 నాటి మానసికారోగ్య రక్షణచట్టము చికిత్సను హక్కుగా చేసినది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ-మానస్ 14416 నంబరున తెలుగులోను పలుకును; మాదకద్రవ్యముల విషయమున సహాయమునకు 14446 కలదు. విశాఖపట్టణమున ప్రభుత్వ మానసిక చికిత్సాలయము, నౌకాదళమువారి కల్యాణి ఆస్పత్రి ఉన్నవి. కాని మాజీ సైనికుల వైద్యపథకము, పెన్షను, మాజీ సైనికుడను హోదా నాలుగేండ్ల అగ్నివీరులకు వర్తింపవని పథకము ప్రకటించిననాటి నిబంధన. సుమారు పదకొండు లక్షల డెబ్బదివేల రూపాయల సేవానిధి చేతికి వచ్చును. అది చదువునకో వ్యాపారమునకో ఉపకరించును; నడిరేయి ఉలికిపాటును వినుటకు ఉపకరింపదు.

ఇంత బాధ ఉండగా ఆడపిల్లలు సైన్యమునకు పోనేల అని కొందరు అందురు. జీడి కర్మాగారములలో వ్రేళ్ళు కాల్చుకొను స్త్రీలను చూచియు ఆ మాట ఎవరును అనరు. కష్టము అన్నిటను కలదు. సంఖ్య స్వల్పము కదా, ఇంత ఏర్పాటెందుకని మరికొందరు అందురు. స్వల్పమగుటయే ఆమె ఇబ్బంది. పల్లెలో మాజీ సైనికులైన పురుషులు పదిమంది చెట్టుక్రింద కూర్చుండి పాతముచ్చట్లు చెప్పుకొందురు. వారికి తెలియకయే అది ఒక వైద్యము. ఊరికి ఒక్కతెయైన స్త్రీకి ఆ చెట్టునీడ లేదు. కావున నాలుగైదు మండలములకు ఒకచోట, నెలకు ఒకసారియైనను, అటువంటి స్త్రీలు కలిసికొను ఏర్పాటును జిల్లా సైనికసంక్షేమ కార్యాలయము చేయవచ్చును. సైనికురాండ్రతో పాటు అర్ధసైనికదళముల స్త్రీలను, సైనిక నర్సులను చేర్చుకొనవచ్చును. స్త్రీయే సలహాదారుగా ఉండుట, చంటిబిడ్డను వెంట తెచ్చుకొన నిచ్చుట, పేరు బయటపడకుండుట, ఈ మూడును చూచినచో ఖర్చు పెద్దది కాదు. విడుదల చేయునాడే ప్రతి యువతిని నిద్రను గూర్చి, భయమును గూర్చి, వేధింపును గూర్చి ఏకాంతమున అడుగుట నియమము కావలెను. చికిత్సకు హోదా అడ్డము రారాదు.

ఇందు ఉపాధ్యాయులకు ఒక ప్రత్యేకస్థానము కలదు. ఎంపికకు దరఖాస్తు నింపించినది వారే, పరుగుపందెములకు ప్రోత్సహించినది వారే, ఎంపికైననాడు బడిలో సన్మానము చేసినదియు వారే. ఆ బాలిక నాలుగేండ్లకు మరలి వచ్చినపుడు, సంబంధములు చూచుచున్నామని తల్లిదండ్రులు చెప్పుదురు. అత్తవారికి తెలియునేమోయను భయముతో ఆమె మాటాడదు. ఊరిలో ఆమెను సైనికురాలిగా ఎరిగి, బంధుత్వముచే బంధింపబడక, మర్యాదతో పలుకరింపగలవారు చదువు చెప్పినవారే. చికిత్స చేయుట వారి పని కాదు. అడుగుట, వినుట, నిందింపకుండుట, తగినచోటికి దారి చూపుట వారు చేయగలపని. సేవ ఎట్లు జరిగినదమ్మా, రాత్రులు నిద్ర పట్టుచున్నదా అని ఒక్కరు అడిగినను, ఆమె బాధను దాచి మందుతో మరుగుపరచవలసిన అవసరము కొంత తగ్గును. 2026 చివరకు వచ్చువారి కొరకు ఈ ప్రశ్నను ఇప్పుడే సిద్ధము చేసికొనవలెను.