గ్యాస్ అయిపోదు, కారిపోతుంది

ఏప్రిల్ మూడో వారంలో నాన్న ఫోన్ చేశాడు. "ఒరే, కార్లో ఏసీ మళ్లీ పోయిందిరా. వేడి గాలి కొడుతోంది" అన్నాడు. ఏడాదిలో అది మూడోసారి. ముందు రెండుసార్లూ దగ్గర్లో ఉన్న షాపులో గ్యాస్ కొట్టించాడు. కొట్టించినప్పుడల్లా 1,500. మొదటిసారి నాలుగు నెలలు ఆగింది. రెండోసారి ఆరు వారాలే.

మా బండి 2004 మోడల్ జెన్. నాన్న కొన్న మొదటి కారు, ఇప్పటికీ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కారు. వేరే రోజులైతే "అద్దాలు దించుకుని వెళ్లు నాన్నా" అనేవాణ్ణి. కానీ అమ్మకి రెండేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది. వారానికి రెండుసార్లు వైరా నుంచి ఖమ్మం వెళ్లి రావాలి. పొద్దున్నే బయల్దేరితే తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. ఖమ్మం ఎండల గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది! పైగా డయాలసిస్ వాళ్లకి ఇంకో కష్టం ఉంది. ఎంత దాహమేసినా నీళ్లు డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే తాగాలి. మనలా సీసా ఎత్తి గటగటా తాగేస్తే కుదరదు. అలాంటి మనిషి ఎండలో పాతిక కిలోమీటర్లు వేడి గాలి పీలుస్తూ ఇంటికి రావాలంటే ఎలా?

"కొత్త కారు తీసుకుందాం, ఈఎంఐ నేను కడతా" అన్నాను. "ఇంజనేం పాపం చేసింది? పోయింది ఏసీ ఒక్కటేగా" అన్నాడు నాన్న. అదీ నిజమే. మొన్న 2024లోనే రిజిస్ట్రేషన్ ఇంకో అయిదేళ్లకి రెన్యువల్ చేయించాడు. రెండు వారాలు సెలవు పెట్టి నేనే రంగంలోకి దిగాను. ఆ రెండు వారాల్లో నేర్చుకున్నదే ఈసారి మీతో పంచుకుంటున్నా. పాత కారున్న ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ గొడవ వస్తుంది కాబట్టి.

మొదటి పాఠం. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది, ముందు జాలీలా కనిపించే కండెన్సర్‌లో అది చల్లబడి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నటి దారిలోంచి దూరి డ్యాష్‌బోర్డు లోపలున్న కూలింగ్ కాయిల్‌లోకి వెళ్లి, అక్కడ మళ్లీ ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది. మనకి తగిలే చల్లగాలి ఆ కాయిల్ మీంచి వచ్చేదే. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా గ్యాస్ తగ్గడం మామూలే. కానీ ఆరు వారాల్లో ఖాళీ అయిందంటే ఎక్కడో కన్నం ఉన్నట్టే. కన్నం వెతక్కుండా గ్యాస్ కొట్టడమంటే, మా ఆఫీసులో తప్పెక్కడుందో చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేయడం లాంటిది. ఆ పూటకి నడుస్తుంది, అంతే.

నష్టం మన 1,500తో ఆగదు. కంప్రెసర్‌కి కావల్సిన ఆయిల్ ఆ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది. గ్యాస్ కారితే ఆయిల్ కూడా కొంత కారుతుంది. ఆయిల్ లేక కంప్రెసర్ అరిగి పట్టేసిందంటే ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. ఇంకోటి, మా బండిలో ఉండేది ఆర్-134ఎ. వందేళ్ల లెక్కన చూస్తే ఒక కిలో ఆర్-134ఎ దాదాపు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. చిన్న కారులో పట్టేది అటూఇటూగా అరకిలో. ఒకసారి కారిపోతే 700 కిలోలు గాల్లో కలిపినట్టు. మేం రెండుసార్లు కలిపాం.

ఈసారి ఖమ్మంలో ఇంకో ఏసీ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గ్యాస్ సిలిండర్ ముట్టుకోలేదు. ముందు నైట్రోజన్ పట్టించి మీటరు చూశాడు. ముల్లు మెల్లగా దిగుతోంది. జాయింట్లన్నిటికీ సబ్బు నీళ్లు రాశాడు, ఎక్కడా బుడగ రాలేదు. "అయితే లోపలే సార్" అని డ్యాష్‌బోర్డు కింద నుంచి కూలింగ్ కాయిల్ విప్పి, దానికి గాలి పట్టించి బకెట్ నీళ్లలో ముంచాడు. ఒక మూల నుంచి బుడబుడమని బుడగలు! మా బండికి క్యాబిన్ ఫిల్టర్ లేదు. ఇరవయ్యేళ్లుగా దుమ్ము, ఆకుల ముక్కలు, తడి కలిసి ఆ అల్యూమినియాన్ని తినేశాయి. "వెల్డింగ్ పెట్టొచ్చు, కానీ పక్కన ఇంకోచోట కారుతుంది. కొత్తది తెచ్చుకోండి, నేను వేస్తా" అన్నాడు. విప్పిన గొట్టాల మూతులకి ప్లాస్టిక్ కవర్లు చుట్టి టేపు వేశాడు, గాల్లో తేమ లోపలికి పోకుండా.

ఇక మొదలైంది అసలు వేట.

నా తరం వాడు చేసే పనే నేనూ చేశాను. ఫోన్ తీసి బండి పేరు, కూలింగ్ కాయిల్ అని కొట్టి, బొమ్మ చూసి ఆర్డర్ పెట్టేశాను. నాలుగు రోజులకి వచ్చింది. పైపు మూతులు రెండూ వేరే వైపుకి ఉన్నాయి! తిరిగి పంపడానికి ఇంకో వారం. తప్పు నాదే. జెన్ 1993 నుంచి 2006 దాకా ఒకే పేరుతో అమ్ముడైన బండి. మధ్యలో ఇంజను మారింది, 2003లో ముఖం మారింది. పేరు ఒకటే అయినంత మాత్రాన లోపలి భాగాలన్నీ ఒకటే అనుకోకూడదు. మోడలు ఏడాది కూడా సరిపోదు, తయారైన నెల కావాలి. అంతకన్నా ఛాసిస్ నంబరు మేలు. కంపెనీ స్పేర్స్ కౌంటర్‌లో ఛాసిస్ నంబరు ఇస్తే అక్కడి కుర్రాడు కంప్యూటర్‌లో చూసి పార్ట్ నంబరు చీటీ మీద రాసిచ్చాడు. సరుకు లేదన్నాడు గానీ, ఆ చీటీ సరుకు కన్నా ఎక్కువ పనికొచ్చింది.

చీటీ పట్టుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాను. నాలుగు షాపులు తిరిగాను. డ్రయర్ దొరికింది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దొరికింది, కాయిల్ మాత్రం దొరకలేదు. కానీ ఒక షాపాయన కూర్చోబెట్టి మూడు రకాల డబ్బాల సంగతి చెప్పాడు. ఒకటి, కారు కంపెనీ ముద్రతో వచ్చేది. రెండు, ఆ భాగాన్ని కంపెనీకి చేసిచ్చే సంస్థ సొంత డబ్బాలో అమ్మేది. సుబ్రోస్ లాంటి సంస్థలు ఇలా కార్ల ఏసీ సామాన్లు తయారుచేస్తాయి. వస్తువు దాదాపు అదే, ధర కొంచెం తక్కువ. మూడు, పేరూ ఊరూ లేని తెల్ల డబ్బా. "క్లిప్పులు, మూతలు అయితే మూడోది తీసుకో అన్నా. ప్రెషర్ పట్టే దేంట్లోనూ తీసుకోకు" అన్నాడు. చివర్లో "పాత పీసు తెచ్చావా?" అనడిగాడు. తేలేదు. అది ఖమ్మంలో మేస్త్రీ దగ్గరే ఉంది. "ఫొటోతో పనవదన్నా. చేత్తో పట్టుకుని చూస్తేనే తెలుస్తది" అన్నాడు.

ఆ ఆదివారం ఇంటికెళ్లి, సోమవారం పొద్దున్నే నాన్నా నేనూ పాత కాయిల్ గోనెసంచిలో వేసుకుని విజయవాడ బస్సెక్కాం. మాకు హైదరాబాద్ కన్నా బెజవాడే దగ్గర. ఆటోనగర్ సంగతి మన వైపు లారీ ఉన్న ఎవరినడిగినా చెబుతారు. బాడీ కట్టడం దగ్గర్నుంచి చిన్న బోల్టు దాకా అక్కడ దొరకనిది తక్కువ. మూడో షాపులో ఓ పెద్దాయన మా సంచిలోంచి కాయిల్ తీసి బల్ల మీద పెట్టి, అటక మీంచి దించిన డబ్బా విప్పి పక్కనే పెట్టాడు. పొడవు, మందం, పైపుల మూతుల వాలు, వాల్వ్ కూర్చునే చోటు, అన్నీ వేలితో కొలిచి చూపించాడు. "చూసుకోండి బాబూ, తేడా ఉంటే ఇప్పుడే చెప్పండి" అన్నాడు. డబ్బా మీది నంబరు, నా చీటీ మీది నంబరు ఒకటే. 2,800. నాన్న అలవాటుగా బేరమాడబోతే నేనే ఆపాను.

పక్క వీధిలో పాత బండ్లు విప్పి అమ్మేచోట కంప్రెసర్ ఒకటి చవగ్గా కనబడింది. ముందుజాగ్రత్తగా కొందామన్నాడు నాన్న. మేస్త్రీకి ఫోన్ చేస్తే మూడు చూడమన్నాడు. పైపు మూతులకి బిరడాలున్నాయా? ముందున్న ప్లేటు చేత్తో తిప్పితే పట్టేయకుండా, గరగరమనకుండా తిరుగుతోందా? మూతిలో వేలు పెడితే అంటే ఆయిల్ ఎలా ఉంది? మూతులు తెరిచే ఉన్నాయి. ఆయిల్ నల్లగా, వెండి పొడి కలిసినట్టు మెరుస్తోంది. అంటే లోపల లోహం అరిగింది. అది తగిలిస్తే ఆ పొడి కొత్త వాల్వ్‌లో ఇరుక్కుంటుంది. వదిలేశాం. డ్రయర్, రబ్బరు రింగులు అయితే సెకండ్‌హ్యాండ్ అన్న మాటే వద్దని మేస్త్రీ ముందే చెప్పాడు. డ్రయర్‌లో ఉండేది తేమ పీల్చే మందు. గాలి తగిలిందంటే తేమ నింపేసుకుంటుంది, ఇక దేనికీ పనికిరాదు.

బిగింపుకి ఒక పూట పట్టింది. కొత్త కాయిల్, వాల్వ్, డ్రయర్, విప్పిన ప్రతి జాయింట్‌కీ కొత్త రింగు. పాత కాయిల్‌తో పోయిన ఆయిల్‌కి బదులు ఆర్-134ఎకి సరిపోయే పీఏజీ ఆయిల్ కొలిచి పోశాడు. తర్వాత వాక్యూమ్ పంపు 45 నిమిషాలు నడిపాడు. లోపల తేమ మిగిలితే ఆయిల్ పాడవుతుంది, భాగాలు తుప్పు పడతాయి. పంపు ఆపి పావుగంట ముల్లు కదలకుండా ఉందో లేదో చూశాకే, బానెట్ కింద స్టిక్కర్ మీదున్న బరువు ప్రకారం కాటా పెట్టి గ్యాస్ ఎక్కించాడు. ఇంతకుముందు షాపులో కాటా లేదు, పంపూ ఆడించలేదు. అది నాకప్పుడు గుర్తొచ్చింది.

గ్యాస్ విషయంలో ఒక హెచ్చరిక. చవగ్గా వస్తుందని వంటగ్యాస్ జాతి మిశ్రమాలు కొట్టేవాళ్లున్నారు. చల్లగానే ఉంటుంది. కానీ అది మండే గ్యాస్. ఆర్-134ఎ కోసం చేసిన బండిలో, కాయిల్ మన కాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి అది కారితే చాలా ప్రమాదం. సిలిండర్ మీద పేరు చదివే దాకా కొట్టనివ్వకండి. ఇంకా పాత బండ్లలో ఉండిన ఆర్-12 ఓజోన్ పొరను తింటుందని 1987 మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా వదిలించుకుంది. మన దేశంలో 2010 నాటికి ఆపేశారు. అలాంటి బండి ఉంటే ఉత్త గ్యాస్ మార్చితే సరిపోదు. ఆయిల్, డ్రయర్, రింగులు కూడా కొత్త గ్యాస్‌కి తగ్గట్టు మార్చాల్సిందే.

మొత్తం ఖర్చు లెక్కేశాను. కాయిల్ 2,800, వాల్వ్ 900, డ్రయర్ 650, రింగులు, ఆయిల్, గ్యాస్ కలిపి 1,900, మేస్త్రీ కూలి 3,500. దారి ఖర్చులు కాక 9,750. అంతకుముందు గాల్లో కలిసిన 3,000 మొదట్లోనే కన్నం వెతకడానికి పెట్టుంటే మూడో వంతు అప్పుడే తీరేది. కొత్త కారు ఈఎంఐ అయితే ఒక నెలకే ఇంతకన్నా ఎక్కువ.

కాబట్టి మీ పాత బండి ఏసీ పోతే షాపులో అడగాల్సిన మొదటి మాట "గ్యాస్ ఎంత?" కాదు, "ఎక్కడ కారుతోంది?" అని. అది తేలాక ఛాసిస్ నంబరుతో పార్ట్ నంబరు రాయించుకోండి. పాత పీసు చేతిలో పట్టుకుని బజారుకి వెళ్లండి. మార్చిన ప్రతిదాని నంబరూ, తేదీ రాసిపెట్టుకోండి. నాన్న ఇప్పుడు డ్యాష్‌బోర్డు అరలో చిన్న నోటు పుస్తకం పెట్టాడు. మొదటి పేజీలో కాయిల్ నంబరు ఉంది, కింద ఆ ఆటోనగర్ షాపు ఎలా వెళ్లాలో రాసుకున్నాడు.

ఆ గురువారం మధ్యాహ్నం బయట 42 డిగ్రీలు. నేను హైదరాబాద్‌లో ఆఫీసులో ఉన్నా. రెండున్నరకి నాన్న ఫోన్ చేశాడు.

"ఇంటికొచ్చేశాం. మీ అమ్మ దారంతా నిద్రపోయిందిరా. వైరా వచ్చాక లేపితే, అప్పుడే వచ్చేశామా అంది."